ముద్దాయి బోనులో ఉన్నా మనిషే – జస్టిస్ కోకా సుబ్బారావు గారి జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను న్యాయశాఖలో గుమాస్తాగా చేరి బెంచి క్లర్కుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. అందువల్ల నాకు తెలిసిన రంగంలోని ఒక తెలుగు పెద్దమనిషిని ఎంచుకున్నాను. ఆయన భారతదేశ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన శ్రీ కోకా సుబ్బారావు గారు.

సుబ్బారావు గారి పేరు చెప్పగానే చదువుకున్నవారికి రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి గోలక్‌నాథ్ కేసు. రెండవది 1967 రాష్ట్రపతి ఎన్నిక. ఈ రెండూ చరిత్రకెక్కినవే. కానీ ముప్పై ఏళ్ళకు పైగా కోర్టు హాలులో కూర్చున్న నాకు ఆయన రోజూ గుర్తుకు వచ్చింది వేరే కారణం చేత. నేరం మోపబడి బోనులో నిలబడిన మనిషికి ఏ హక్కులున్నాయి, వాటిని ఎంతవరకు కాపాడాలి అన్న విషయంలో ఆయన రాసిన తీర్పులు నేటికీ మన సెషన్సు కోర్టులలో వకీళ్ళ నోట వినబడుతూనే ఉన్నాయి. ఆ భాగాన్నే ఇక్కడ కాస్త విపులంగా చెప్పదలచుకున్నాను.

ఎర్రగుంట్ల వంటి ఊళ్ళో ఉండేవారికి ఇది దూరపు విషయం కాదు. మన కడప, కర్నూలు జిల్లాలలో పాతకక్షలు ఎలాంటివో మనకు తెలుసు. ఒక ఊళ్ళో కొట్లాట జరిగితే కొట్టినవాళ్ళ పేర్లతోపాటు వాళ్ళ అన్నదమ్ముల పేర్లు, బావమరుదుల పేర్లు, ఆ రోజు ఊళ్ళోనే లేని ఉద్యోగస్తుని పేరు కూడా ఫిర్యాదులోకి ఎక్కడం మనం చూసినదే. ఆ పేరు పడిన రోజునుండి ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగదు. ఉద్యోగి అయితే సస్పెన్షన్. కేసు తేలకముందే పదవీ విరమణ వయసు వస్తే తాత్కాలిక పెన్షన్ మాత్రమే ఇస్తారు, గ్రాట్యుటీ కేసు తేలేదాకా ఆగుతుంది. పోలీసులు ఊరికే పేరు పెడతారా, ఏదో చేసే ఉంటాడని ఊరివాళ్ళు అనుకోవడం మామూలు. ఈ అనుకోవడం న్యాయం కాదని సుబ్బారావు గారు తన తీర్పులలో మళ్ళీ మళ్ళీ చెప్పారు.

బాల్యము, విద్య, వకీలు వృత్తి

సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి గారూ వకీలే. ఆయన చిన్నతనంలోనే తండ్రి గతించారు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రం చదివారు. ఆటలంటే ఆయనకు మక్కువ.

మద్రాసులో ఆయన శ్రీ పి. వెంకటరమణారావు నాయుడు గారి వద్ద వృత్తి ప్రారంభించారు. నాయుడు గారు ఆయనకు మామగారు, తరువాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. నాయుడు గారి కుమారుడు శ్రీ పి.వి. రాజమన్నారు గారు. ఈయన తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన సంగతి పెద్దలకు తెలుసు. మధ్యలో సుబ్బారావు గారు కొద్ది నెలలు బాపట్లలో జిల్లా మున్సిఫుగా కూడా పనిచేశారు. ఆ ఉద్యోగం వదలి మళ్ళీ మద్రాసు వచ్చి, బావమరిది రాజమన్నారు గారితో కలసి వకీలుగా కొనసాగారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమింపబడ్డారు.

గుంటూరులో మన హైకోర్టు

ఆ రోజులలో మన ప్రాంతపు అప్పీళ్ళన్నీ మద్రాసు హైకోర్టుకే పోయేవి. ఎర్రగుంట్ల మద్రాసు – బొంబాయి రైలు దారిలో ఉండటం వల్ల మన కక్షిదారులకు ఒక సౌకర్యం ఉండేది. ఇక్కడ బండి ఎక్కితే కడప, రేణిగుంట, అరక్కోణం మీదుగా నేరుగా మద్రాసు చేరేవారు. అక్కడి వకీళ్ళు తెలిసినవాళ్ళు, అక్కడి హోటళ్ళు తెలిసినవి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతంలో ఉండరాదు. వాటిలో ఏది కావాలో కోరుకునే అవకాశం మొదట రాయలసీమది. రాజధాని కర్నూలుకు వచ్చింది. హైకోర్టు గుంటూరులో 1954 జూలై 5న ప్రారంభమయింది. దాని మొదటి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారే. మన కక్షిదారులు అటు తరువాత గుంతకల్లు దాకా పోయి, అక్కడ మీటరుగేజి బండి మారి నంద్యాల, మార్కాపురం మీదుగా గుంటూరు చేరవలసి వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణతో కోర్టు హైదరాబాదుకు మారింది. అక్కడా ఆయనే ప్రధాన న్యాయమూర్తి. కొత్త రాష్ట్రం, కొత్త కోర్టు, రెండు వేర్వేరు పద్ధతులలో పెరిగిన వకీళ్ళు, ఉద్యోగులు. అందరినీ ఒక దారిలోకి తేవడం చిన్న పని కాదు. 1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీ వెళ్ళారు.

సాక్షి మాట మారితే

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళిన మరుసటి ఏడు, 1959 మేలో, తహసీల్దార్ సింగ్ కేసు తీర్పు వెలువడింది. ఈ తహసీల్దార్ సింగ్ చంబల్ లోయలోని పేరుమోసిన దోపిడీదారు మాన్‌సింగ్ కుమారుడు. ఒక గ్రామంలో పాటకచేరి జరుగుతున్నచోట జరిగిన హత్యల కేసులో అతనికి మరణశిక్ష పడింది. ఇలాంటి మనిషి హక్కుల గురించి తల బద్దలుకొట్టుకోవడం ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ అతని అప్పీలులోనే ఒక మూలసూత్రం తేలవలసి వచ్చింది.

పాఠకులకు ఆ సూత్రం తెలియాలంటే కోర్టులో జరిగే ఒక పని చెప్పాలి. నేరం జరిగిన తరువాత దర్యాప్తు చేసే పోలీసు అధికారి సాక్షులను విచారించి వాళ్ళు చెప్పినది రాసుకుంటాడు. దాని కింద సాక్షి సంతకం ఉండదు. ప్రమాణమూ ఉండదు. అందువల్ల దానిని ముద్దాయికి వ్యతిరేకంగా రుజువుగా వాడరాదని క్రిమినల్ ప్రొసీజరు కోడు 162వ సెక్షను చెబుతుంది. అయితే ముద్దాయికి మాత్రం దానితో ఒక పని ఉంది. సాక్షి పోలీసుల ముందు ఒకటి చెప్పి, కోర్టులో మరొకటి చెబితే, ముద్దాయి వకీలు ఆ పాత మాటను సాక్షి ముందు పెట్టి నిలదీయవచ్చు. సాక్షి తాను అలా చెప్పలేదంటే, ఆ భాగానికి డి-1, డి-2 అని గుర్తు వేస్తారు. తరువాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు అతనిచేత దానిని రుజువు చేయిస్తారు. ఆ గుర్తులు రిజిస్టరులో ఎక్కించడం బెంచి క్లర్కు పని కాబట్టి, ఎన్ని వందల డి గుర్తులు నా చేతిమీదుగా పోయాయో లెక్కలేదు.

ఇక్కడ చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సాక్షి పోలీసులకు అసలు చెప్పకుండా వదిలేసిన విషయాన్ని కోర్టులో కొత్తగా చెబితే దానిని మాట మార్చడం అనవచ్చునా అని. సుబ్బారావు గారు మెజారిటీ తీర్పు రాస్తూ దీనికి ఒక గీత గీశారు. వదిలేసిన ప్రతిదీ విరుద్ధం కాదు. కానీ మొదట చెప్పిన మాటకు, ఇప్పుడు చెప్పే మాటకు పొత్తు కుదరనప్పుడు ఆ వదిలేయడమే విరుద్ధం అవుతుంది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే, మొదట ఇద్దరే వచ్చి కొట్టారని చెప్పిన సాక్షి, కోర్టులో ఐదుగురని చెబితే, ఆ మిగతా ముగ్గురి పేర్లు ఎప్పుడు, ఎలా వచ్చాయో అడిగే హక్కు ముద్దాయికి ఉంటుంది. కక్షల కేసులలో ఆ ముగ్గురి బతుకు ఈ ఒక్క ప్రశ్న మీద నిలుస్తుంది. 1973లో కొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడు తెచ్చినప్పుడు, ముఖ్యమైన విషయాన్ని వదిలేయడం కూడా విరుద్ధం కావచ్చునని ఆ సెక్షను కిందనే వివరణ చేర్చారు. 2024 జూలై 1 నుండి పాత కోడు స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 162వ సెక్షను అందులో 181 అయింది. అంకె మారింది గానీ తహసీల్దార్ సింగ్ కేసు సూత్రం మారలేదు.

తహసీల్దార్ సింగ్ అప్పీలు మాత్రం ఆ తీర్పులోనే కొట్టివేయబడింది. అతని నేరం రుజువైందనే కోర్టు అభిప్రాయపడింది. కేసు అతను ఓడిపోయాడు. సూత్రం మాత్రం ఆ తరువాత బోనెక్కిన లక్షలాది మందికి మిగిలింది.

రుజువు చేయవలసిన భారం ఎవరిది

రెండవది నానావతి కేసు. అప్పటి పత్రికలు చదివిన పెద్దలకు దీనిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. నౌకాదళ కమాండరు నానావతి 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహూజాను రివాల్వరుతో కాల్చి చంపాడు. జూరీలో తొమ్మండుగురిలో ఎనిమిదిమంది అతను నేరస్తుడు కాడన్నారు. సెషన్సు జడ్జి దానిని ఒప్పుకోక హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. దేశంలో సానుభూతి అంతా కమాండరు వైపే ఉంది.

1961 నవంబరు 24న సుప్రీంకోర్టు తీర్పును సుబ్బారావు గారు రాశారు. పెనుగులాటలో తుపాకి పొరపాటున పేలిందని ముద్దాయి వాదన. పొరపాటున జరిగిందని చెప్పుకునే ముద్దాయే దానిని రుజువు చేయాలా అన్నది ప్రశ్న. సుబ్బారావు గారు దీనిని చాలా ఓపికగా విడమరచారు. నేరం చేశాడని అనుమానానికి తావులేకుండా రుజువు చేయవలసిన బాధ్యత మొదటినుండి చివరిదాకా ప్రాసిక్యూషనుదే. అది ఎన్నడూ ముద్దాయి నెత్తికి మారదు. ముద్దాయి చట్టంలోని ఏదైనా మినహాయింపు కోరితే దానికి ఆధారం చూపవలసినది నిజమే. కానీ పూర్తిగా చూపలేకపోయినా, అతను చూపినదానివల్ల అసలు నేరం మీదనే అనుమానం కలిగితే, ఆ అనుమానపు ఫలం అతనికే దక్కాలి.

ఈ సూత్రం చెప్పి, ఆ తరువాత సాక్ష్యాన్ని తూచారు. స్నానం చేసి వచ్చిన ఆహూజా నడుముకు చుట్టుకున్న తువ్వాలు, పెనుగులాట జరిగిందన్న తరువాత కూడా ఒంటిమీద చెదరకుండా ఉంది. భార్య విషయం చెప్పినప్పటినుండి కాల్పుల దాకా సుమారు మూడు గంటలు గడిచాయి. ఆ మధ్యలో కమాండరు భార్యాపిల్లలను సినిమాహాలు వద్ద దింపి, ఓడకు పోయి రివాల్వరు తెచ్చుకున్నాడు. కనుక హఠాత్తుగా కలిగిన ఆవేశం అన్న మాట కూడా నిలవదని తేల్చి శిక్షను ఖాయం చేశారు. తరువాత 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టడం వేరే సంగతి. జనం చప్పట్లకు లొంగకుండా శిక్ష వేసిన న్యాయమూర్తే, ముద్దాయికి దక్కవలసిన అనుమానపు ఫలాన్ని గట్టిగా నిలబెట్టడం ఈ తీర్పులోని విశేషం.

ఆ సూత్రాన్నే ఆయన 1964 మార్చిలో గుజరాతుకు చెందిన దహ్యాభాయి కేసులో ఇంకా స్పష్టం చేశారు. భార్యను చంపిన మనిషి తనకు అప్పుడు మతిస్థిమితం లేదని వాదించాడు. మతిలేదని ముద్దాయి రుజువు చేయవలసిన ప్రమాణం ప్రాసిక్యూషను ప్రమాణం వంటిది కాదని, సివిలు దావాలో మాదిరిగా ఏది ఎక్కువ నమ్మదగినది అన్నది చూస్తే చాలునని ఆయన తేల్చారు. ఆ మేరకు కూడా చూపలేకపోయినా, చంపాలనే ఉద్దేశమే ఉందా అన్న అనుమానం సాక్ష్యంవల్ల కలిగితే వదిలిపెట్టవలసిందేనన్నారు. ఈ ముద్దాయి కూడా ఓడిపోయాడు. కానీ మానసిక జబ్బుతో ఉన్న మనిషి నేరంలో ఇరుక్కున్నప్పుడు ఆ కుటుంబం తరఫు వకీలు మొదట తెరిచే తీర్పు ఇదే.

చాలామందికి ఒక అపోహ ఉంది. ముద్దాయి హక్కులంటే నేరస్తులను తప్పించే కిటుకులని. సుబ్బారావు గారి ఈ మూడు తీర్పులూ ఆ అపోహకు జవాబు. మూడింటిలోనూ ముద్దాయిలకు శిక్ష నిలిచింది. రుజువైన చోట ఆయన వెనుకాడలేదు. రుజువు కాకముందే శిక్షించే దారులను మాత్రం మూయాలని చూశారు.

అర్ధరాత్రి తలుపు తట్టడం

ఆయన తన తోటి న్యాయమూర్తులలో ఎక్కువమందితో విభేదించి విడిగా రాసిన తీర్పులు కూడా ఉన్నాయి. 1960 మేలో దేవమన్ ఉపాధ్యాయ కేసు అలాంటిది. పోలీసు కస్టడీలో ఉన్న మనిషి చెప్పిన మాట వల్ల కత్తో, సొమ్మో దొరికితే, ఆ మాటలో దానికి సంబంధించిన భాగం అతనిమీద రుజువుగా వాడవచ్చునని ఎవిడెన్సు యాక్టు 27వ సెక్షను చెప్పేది. కస్టడీలో లేనివాడు అదే మాట చెబితే వాడరాదు. ఈ తేడా సమానత్వానికి విరుద్ధమని సుబ్బారావు గారన్నారు. మెజారిటీ ఒప్పుకోలేదు. ఆ సెక్షను నిలిచింది. అదే నియమం నేటి సాక్ష్య చట్టంలోనూ ఉంది.

రెండవది ఖరక్ సింగ్ కేసు, 1962 డిసెంబరు 18 నాటిది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. ఇంటిమీద రహస్య నిఘా పెట్టడం, ఎక్కడికి పోతున్నాడో కనిపెట్టడం, అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి లేపి ఇంట్లో ఉన్నాడా అని చూడటం జరిగేది. శిక్ష పడని మనిషికి ఇది ఏళ్ళ తరబడి శిక్ష.

ఆరుగురు న్యాయమూర్తులు ఈ కేసు విన్నారు. అర్ధరాత్రి ఇంటికి పోవడం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. కానీ మిగతా నిఘా విషయంలో ఎక్కువమంది మన రాజ్యాంగంలో ఏకాంతపు హక్కు లేదని అన్నారు. సుబ్బారావు గారు, ఆయనతో షా గారు దీనికి ఒప్పుకోలేదు. ఒంటికి సంకెళ్ళు లేకపోయినంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, నీడలా వెంటాడే కన్ను కూడా ఒక సంకెలేనని, ఏకాంతం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుబ్బారావు గారి భావం. ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు. రౌడీషీటు, సస్పెక్టు షీటు అనే మాటలు చిన్నపిల్లలకు కూడా తెలిసిన మన సీమలో ఈ తీర్పు విలువ వేరే చెప్పాలా? కొడుకు పేర షీటు ఉన్న ఇంట్లో, ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనుకు పిలుపు వచ్చే ఇంట్లో, తల్లి రాత్రిళ్ళు ఎలా నిద్రపోతుందో మనకు తెలుసు.

ఉద్యోగికి కూడా

మన సభ్యులలో రైల్వేవారు చాలామంది ఉన్నారు కనుక ఒక కేసు చెప్పక తప్పదు. ఆ రోజులలో రైల్వే నిబంధనల ప్రకారం ఖాయమైన ఉద్యోగిని కూడా, ఏ తప్పూ చూపకుండా, ఒక నోటీసు ఇచ్చి ఇంటికి పంపవచ్చు. మోతీరాం డేకా కేసులో 1963 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఈ నిబంధనలను కొట్టివేసింది. మెజారిటీ పక్షాన ఉన్న సుబ్బారావు గారు తన కారణాలు విడిగా రాశారు. ఖాయమైన ఉద్యోగం పోగొట్టడమంటే తొలగింపే గనుక, అభియోగం చెప్పి, జవాబు విని, విచారణ జరిపిన తరువాతే ఆ పని చేయాలి. కోర్టు బోనులో ఉన్నవాడికి ఏ న్యాయమో, ఆఫీసులో ఛార్జిమెమో అందుకున్నవాడికి కూడా మూలంలో అదే న్యాయం. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరి అన్నమూ తీయరాదు.

ప్రధాన న్యాయమూర్తి, ఆ తరువాత

1966 జూన్ 30న సుబ్బారావు గారు భారతదేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, ఆరుగురు ఐదుగురుగా చీలిన ధర్మాసనంలో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణ ద్వారా కూడా తగ్గించరాదని తీర్పు చెప్పారు. 1967 ఏప్రిల్ 10న, పదవి వీడటానికి ఒక రోజు ముందు, సత్వంత్ సింగ్ కేసులో విదేశాలకు వెళ్ళే హక్కు కూడా వ్యక్తిస్వేచ్ఛలో భాగమని, ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు పాస్‌పోర్టు నిరాకరించరాదని మెజారిటీ తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు వల్లనే అదే ఏడు పాస్‌పోర్టు చట్టం వచ్చింది. గల్ఫుకూ, అమెరికాకూ పోయిన మన పిల్లల చేతుల్లోని పాస్‌పోర్టు ఆ చట్టం కింద వచ్చినదే.

ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. డాక్టర్ జాకిర్ హుసేన్ గారికి 4,71,244 ఓట్లు, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్లు వచ్చాయి. ఓడిపోయారు. ప్రధాన న్యాయమూర్తి పీఠం నుండి దిగి నేరుగా ఎన్నికలోకి పోవడం మంచి సంప్రదాయం కాదని ఆ రోజుల్లోనే చాలామంది విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం లేదని నేను అనలేను. న్యాయమూర్తి మీద రాజకీయపు నీడ పడితే, ఆయన అంతకుముందు రాసిన తీర్పులను కూడా జనం ఆ కంటితో చూస్తారు. గోలక్‌నాథ్ తీర్పును కూడా 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో మార్చారు. రాజ్యాంగపు మూలస్వరూపాన్ని మార్చరాదన్న కొత్త సూత్రం దాని స్థానంలో వచ్చింది.

చివరి రోజులు

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. వేలమందిని విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో, అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం, నిర్బంధంలో ఉన్న మనిషి తన స్వేచ్ఛ కోసం కోర్టు తలుపు తట్టలేడని తీర్పు చెప్పింది. ఐదుగురిలో ఖన్నా గారు ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, 1976 మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు. జీవితమంతా ఏ వ్యక్తిస్వేచ్ఛ కోసం తీర్పులు రాశారో, దాని తలుపు మూసి ఉన్నప్పుడే ఆయన వెళ్ళిపోయారు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ద్వారా, అత్యవసర పరిస్థితిలో కూడా ప్రాణానికీ, వ్యక్తిస్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణాన్ని, ముద్దాయికి రక్షణనిచ్చే 20వ అధికరణాన్ని నిలిపివేయరాదని చేశారు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ ఒక్క తీర్పులోనే జబల్‌పూర్ కేసును కొట్టివేశారు, ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ చెప్పిన మాటనూ తీసివేశారు. 1962లో సుబ్బారావు గారు విడిగా రాసిన అభిప్రాయమే సరైనదని 55 ఏళ్ళ తరువాత దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకుంది. అప్పటికి ఆయన పోయి 41 ఏళ్ళు.

మన ఇళ్ళలో చెప్పవలసినది

ఈ జీవితం చదివి మనం చేయవలసింది ఏమిటని ఎవరైనా అడిగితే, నా జవాబు చిన్నది. మన పిల్లలకు, మనవళ్ళకు కొన్ని విషయాలు తెలియజేయాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే, ఎందుకో చెప్పాలి. ప్రయాణపు సమయం మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. తనకు నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు ఉంటుంది. ఇవి రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్నవి. తనమీద తానే సాక్ష్యం చెప్పుకొమ్మని ముద్దాయిని బలవంతపెట్టరాదన్నది 20వ అధికరణం. వకీలుకు ఇచ్చే స్తోమతు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది. 15100 అనే నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. కస్టడీలో ఉన్నవాడు ఏ నేరం చేశాడన్న అనుమానం ఉన్నా, ఈ హక్కుల విషయంలో తేడా లేదు.

ఇక రెండవది మన నోటికి సంబంధించినది. పక్కింటివాని పేరు ఫిర్యాదులోకి ఎక్కిన రోజు, అతను చేసే ఉంటాడని మనం తీర్పు చెప్పకుండా ఉండాలి. అతని ఆడపిల్ల పెళ్ళి సంబంధం ఆ కారణంగా చెడగొట్టకుండా ఉండాలి. మన సంఘంలో ఎవరికైనా అలాంటి కష్టం వచ్చి పెన్షన్ కాగితాలు ఆగిపోతే, సమావేశానికి పిలవడం మానకుండా, పక్కన నిలబడి కార్యాలయాల చుట్టూ తోడు తిరగాలి. నేరం రుజువైతే శిక్ష కోర్టు వేస్తుంది. రుజువు కాకముందు ఊరు వేసే శిక్షకు మాత్రం అప్పీలు లేదు. సుబ్బారావు గారు దేశపు పెద్ద కోర్టులో నిలబెట్టిన న్యాయం మన వీధిలో కూడా నిలవాలంటే, ఆ పని చేయవలసినది మనమే.

ఆ మహనీయునికి మన సంఘం తరఫున నమస్సులు.

– ఒక సభ్యుడు, ఎర్రగుంట్ల